రోజుకు ఒక్క మిల్లీమీటర్

ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ ఆర్డర్ చేతికొచ్చింది. చూస్తే, మీరెప్పుడూ పేరు వినని ఊరు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి వెతికితే తప్ప ఎటు వైపుందో తెలియదు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో మూడేళ్లు నీళ్ల సాంబారు తిని చదివింది ఇందుకేనా అనిపిస్తుంది. జాయినవ్వాలా, ఇంకో నోటిఫికేషన్ కోసం ఆగాలా అని చైతన్యపురి చాయ్ కొట్టు దగ్గర ఫ్రెండ్స్‌తో చర్చ మొదలవుతుంది. ఒక చేతిలో చాయ్, ఇంకో చేతి వేళ్ల మధ్య సిగరెట్.

మారుమూల పోస్టింగ్‌కీ, ఆ సిగరెట్‌కీ సంబంధం ఏముంటుంది అంటారా? రెండూ ఒకే మనిషి జీవితంలోకి వచ్చాయి. పోస్టింగ్ ఆయనది, సిగరెట్ ఆయన దగ్గరకొచ్చిన పేషెంట్లది. ఆయన పేరు గవ్రీల్ అబ్రమోవిచ్ ఇలిజారోవ్. పేరు కొత్తగా అనిపించినా ఆయన పని మీరు చూసే ఉంటారు. ఎల్‌బీ నగర్ చౌరస్తా అంటే విజయవాడ హైవే, సాగర్ రోడ్డు కలిసే చోటు. ఆ రోడ్ల మీద బైక్ యాక్సిడెంట్లకు కొదవ లేదు. అక్కడి పెద్ద ఆస్పత్రుల్లో ఎముకల వార్డు వైపు వెళ్తే, కాలి చుట్టూ స్టీలు రింగులు, వాటిని కలుపుతూ కడ్డీలు, ఎముకలోంచి అడ్డంగా దూసుకెళ్లిన సన్నటి తీగలతో మంచం మీద కూర్చున్న పేషెంట్ ఒకరైనా కనిపిస్తారు. మనవాళ్లు రింగులు వేశారు అంటారు. డాక్టర్లు ఇలిజారోవ్ అంటారు. మనిషి పేరే పరికరానికి పేరైపోయింది.

ఆలస్యంగా బడి, తొందరగా చదువు

ఇలిజారోవ్ 1921 జూన్ 15న పోలండ్‌లోని బియలోవీజా అనే ఊళ్లో పుట్టారు. పేద యూదు కుటుంబం, ఆరుగురు పిల్లల్లో ఆయనే పెద్ద. ఆయనకు ఏడేళ్లప్పుడు కుటుంబం తండ్రి సొంత ప్రాంతానికి, అంటే కాకసస్ కొండల దగ్గర అజర్‌బైజాన్‌లోని కుసారీకి వచ్చేసింది. ఇంటి పనులు, పేదరికం కారణంగా బడి మొహం చూసేసరికి పదకొండేళ్లు దాటాయి. అప్పటికి తోటి పిల్లలు చాలా తరగతులు ముందున్నారు. ఆయన మాత్రం కింది తరగతులన్నీ ఒక్కొక్కటిగా ఎక్కకుండా దాటేస్తూ వాళ్లను అందుకున్నారు. మీలో గ్యాప్ ఇయర్స్ గురించి ఇంటర్వ్యూలో ఏం చెప్పాలా అని కంగారు పడేవాళ్లుంటే, ఈయన రెజ్యుమెలో మొదటి గ్యాప్ ఏడెనిమిదేళ్లప్పుడే మొదలైందని గుర్తుపెట్టుకోండి.

డాక్టరే ఎందుకు కావాలనుకున్నారంటే దానికో చిన్న కథ చెబుతారు. చిన్నప్పుడు మందు కొట్టిన పియర్ పళ్లు కడక్కుండా తిని, విషం ఎక్కి చావు దాకా వెళ్లారట. ఊరి వైద్య సహాయకుడొకరు వచ్చి కడుపు కడిగించి బతికించారు. అప్పుడే పిల్లాడి మనసులో ఆ కోరిక నాటుకుంది.

దాగెస్తాన్‌లో శ్రామికుల పిల్లల కోసం నడిపే ఫౌండేషన్ కోర్సు లాంటిదొకటి పూర్తిచేసి, 1939లో క్రిమియా మెడికల్ ఇన్‌స్టిట్యూట్‌లో సీటు సంపాదించారు. రెండేళ్లు తిరక్కుండానే జర్మన్ సైన్యాలు వచ్చిపడ్డాయి. కాలేజీ మొత్తాన్ని ముందు అర్మావిర్‌కి, ఆ తర్వాత కజకస్తాన్‌లోని కిజిల్ ఒర్దాకి తరలించారు. యుద్ధం మధ్యలో, సామాన్లు మోసుకుంటూ తిరిగిన ఆ కాలేజీలోనే చదువు పూర్తిచేసి 1944లో పట్టా తీసుకున్నారు. వయసు ఇరవై మూడు. అంటే దాదాపు మీ వయసే.

దొల్గోవ్కా పోస్టింగ్

పట్టాతో పాటే పోస్టింగ్. ఎక్కడ? సైబీరియా అంచున కుర్గాన్ జిల్లాలో దొల్గోవ్కా అనే పల్లె. మాస్కో నుంచి కుర్గాన్ పట్నమే దాదాపు రెండు వేల కిలోమీటర్లు, దొల్గోవ్కా అక్కణ్నుంచి ఇంకా లోపలికి. చుట్టూ మంచు. చేతిలో సరైన పరికరాల్లేవు, మందులు తక్కువ, సలహా అడుగుదామంటే సీనియర్ లేడు. కాన్పు నుంచి కంటి జబ్బు దాకా అన్నీ ఆయనే చూసుకోవాలి. గుర్రబ్బండి మీద పల్లెలు తిరిగారు. తర్వాతి రోజుల్లో చిన్న అంబులెన్స్ విమానాల్లోనూ వెళ్లేవారు.

ఆ రోజుల్లో వచ్చిన పేషెంట్లలో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు ఎక్కువ. విరిగి సరిగా అతుక్కోని కాళ్లు, చీము పట్టిన ఎముకలు, ఒకటి పొట్టిదైపోయిన కాలు. అప్పటి చికిత్స ఏమిటంటే ప్లాస్టర్ కట్టు వేయడం, లేదంటే కాలికి బరువులు వేలాడదీసి నెలల తరబడి మంచం మీద పడుకోబెట్టడం. అన్ని నెలలు కదలకపోతే కండ కరిగిపోయేది, కీళ్లు బిగుసుకుపోయేవి. అయినా ఎముక అతుక్కుంటుందన్న గ్యారంటీ లేదు.

ఎముక కుదురుగా ఉండాలి, మనిషి మాత్రం లేచి నడవాలి. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? ఇదీ ఆయన్ని పట్టుకున్న ప్రశ్న. పెద్ద ఆస్పత్రిలో, ఎవరి పని వాళ్లకు పంచేసిన చోట ఉండుంటే ఆ ప్రశ్న ఆయనదాకా వచ్చేదే కాదేమోనని నాకనిపిస్తుంది. దొల్గోవ్కాలో ఆ కాళ్లను పంపించడానికి ఇంకో గది లేదు.

అలాగని మారుమూల పోస్టింగ్ వస్తే ప్రతివాళ్లూ ఇలిజారోవ్ అయిపోతారని కాదు లెండి. ఆరేళ్లు అక్కడ పనిచేసి, రాత్రుళ్లు పాత మెడికల్ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న మనిషి కథ ఇది.

సైకిల్ చువ్వలు, చీపురు కర్ర

1950లో కుర్గాన్ ప్రాంతీయ ఆస్పత్రికి బదిలీ అయ్యారు. ఆ మరుసటి ఏడాదికే పరికరం రూపం దిద్దుకుంది. గుర్రపు పట్టెడలోని వంపు చూసి ఐడియా వచ్చిందని కొందరంటారు. మొదట్లో తీగల బదులు సైకిల్ చువ్వలు వాడారని, చీపురు కర్ర విరిచి దానిమీద పరీక్షించారని కూడా చెబుతారు. సైకిల్ చక్రం మాత్రం మంచి పోలికే. చువ్వ ఒక్కటి తీసి చూడండి, చేత్తో వంచేయొచ్చు. అదే చువ్వను రిమ్ముకు బిగించి లాగిపెడితే మనిషి బరువు మోస్తుంది. ఇలిజారోవ్ చేసింది కూడా ఇదే. రెండు మిల్లీమీటర్లు కూడా మందం లేని తీగల్ని ఎముకలోంచి అడ్డంగా, ఒకదానికొకటి క్రాస్‌గా పోనిచ్చి, బయట రింగుకు బిగదీసి కట్టారు. విరిగిన చోటుకు పైన రెండు రింగులు, కింద రెండు రింగులు. వాటిని కలుపుతూ మరలున్న కడ్డీలు, నట్లు. నట్టు తిప్పితే ఎముక ముక్కలు దగ్గరకు జరుగుతాయి. పెద్ద కోత లేదు. పేషెంట్ కొద్దిరోజులకే ఆ కాలు నేలమీద ఆనించి నడవొచ్చు.

1952లో హక్కుల కోసం దరఖాస్తు చేస్తే 1954లో సర్టిఫికెట్ చేతికొచ్చింది.

ఇక్కడ ఒక కథ ప్రచారంలో ఉంది. ఇలిజారోవ్ సెలవులో ఉన్నప్పుడు ఒక పేషెంట్ నట్టును దగ్గరకు తిప్పాల్సింది పోయి దూరంగా తిప్పేశాడట. తిరిగొచ్చి ఎక్స్‌రే చూస్తే, ఎముకల మధ్య ఏర్పడిన ఖాళీలో కొత్త ఎముక పుడుతూ కనిపించింది. అందరూ ఇష్టంగా చెప్పుకునే భాగం ఇదే. నాకైతే ఆ తర్వాత జరిగింది ఎక్కువ ముఖ్యం. ఎముకను సాగదీయడం కొత్త సంగతేమీ కాదు. ఇటలీలోని బొలోన్యాలో కొదివిల్లా అనే సర్జన్ 1905లోనే తొడ ఎముక పొడవు పెంచే ఆపరేషన్ గురించి రాశారు. కాకపోతే ఒక్కసారిగా, బలంగా లాగేవాళ్లు. నరాలు, కండ దెబ్బతినేవి. ఎంత వేగంగా లాగితే శరీరం తట్టుకుంటుంది అనేది ఓపిగ్గా కొలిచింది ఇలిజారోవే.

ఆయన బృందం కుక్కల మీద ప్రయోగాలు చేసింది. రోజుకు అర మిల్లీమీటర్ చొప్పున జరిపితే, పొడవు పెరిగేలోపే ఎముక గట్టిపడిపోయింది. రెండు మిల్లీమీటర్లయితే ఎముక సరిగా పుట్టలేదు, చుట్టూ ఉన్న కణజాలం దెబ్బతింది. ఒక మిల్లీమీటర్ సరిపోయింది. అదీ ఒకేసారి కాదు, పావు మిల్లీమీటర్ చొప్పున నాలుగుసార్లు. మోటారు పెట్టి రోజుకు 60 చిన్న చిన్న అడుగులుగా జరిపితే ఫలితం ఇంకా బాగుంది. ఎముకను కోసేటప్పుడు లోపలి మజ్జనీ, పైపొరనీ, వాటిలోని రక్తనాళాల్నీ వీలైనంత కాపాడాలని కూడా తేల్చారు. నెమ్మదిగా, ఆగకుండా లాగుతూ ఉంటే జీవకణాలు పెరగడం మొదలుపెడతాయన్నది ఆయన సూత్రం. ఎముక ఒక్కటే కాదు, చర్మం, కండ, నరం, రక్తనాళం అన్నీ.

చివర్లో చెప్పిన రక్తనాళం అన్న మాట గుర్తుంచుకోండి. కాసేపట్లో దాని దగ్గరకు వస్తాం.

ఎవరూ నమ్మని పదిహేనేళ్లు

ఇంత చేసినా మాస్కోలోని పెద్ద సర్జన్లు పట్టించుకోలేదు. ఎక్కడో పల్లెటూరి డాక్టర్, చేతిలో రెంచీలు, నట్లు. వైద్యం చేస్తున్నాడా, మెకానిక్ పని చేస్తున్నాడా అన్నట్టు చూశారు. 1955 నుంచి కుర్గాన్‌లో యుద్ధ వికలాంగుల ఆస్పత్రి ఎముకల విభాగాన్ని నడుపుతూ ఆయన ఒక్కటే చేశారు. ప్రతి కేసుకూ ఎక్స్‌రేలు, ఫొటోలు, రికార్డులు దాచారు. 1966లో కుర్గాన్‌లో చిన్న పరిశోధన ప్రయోగశాల పెట్టడానికి అనుమతి దొరికింది. పరికరం తయారై అప్పటికి పదిహేనేళ్లు.

1968లో రెండు మలుపులు వచ్చాయి. ఒకటి చదువు వైపు. పెర్మ్‌లో ఆయన సిద్ధాంత వ్యాసం సమర్పించింది కాండిడేట్ అనే మొదటి పరిశోధన పట్టా కోసం. దాన్ని పరిశీలించిన మండలి ఒక మెట్టు దాటించి, ఏకంగా పైస్థాయి డాక్టర్ ఆఫ్ సైన్సెస్ ఇచ్చింది. చిన్నప్పుడు బడిలో తరగతులు దాటిన మనిషికి నలభై ఏడేళ్ల వయసులో మళ్లీ అదే జరిగింది.

రెండోది వలేరీ బ్రూమెల్. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో హైజంప్ స్వర్ణం గెలిచిన ఆటగాడు, 2.28 మీటర్ల ప్రపంచ రికార్డు ఆయనది. 1965లో మోటార్‌సైకిల్ యాక్సిడెంట్‌లో కాలు నుజ్జయింది. ఆపరేషన్ మీద ఆపరేషన్, మూడేళ్లు గడిచినా ఎముక అతుక్కోలేదు. పైగా కాలు పొట్టిదైపోయింది. దేశంలోని పేరున్న ఆస్పత్రులు చూసి చూసి చివరికి కుర్గాన్ వెళ్లారు. ఇలిజారోవ్ రింగులు ఎముకను అతికించాయి, తగ్గిన పొడవునూ తిరిగి తెచ్చాయి. బ్రూమెల్ మళ్లీ రెండు మీటర్లకు పైగా దూకాడు. పేపర్లన్నీ రాశాయి. పదిహేనేళ్ల రికార్డులు చేయలేని పని ఒక్క స్టార్ పేషెంట్ చేశాడు. ఇది న్యాయమా అంటే కాదు. కానీ ఆ స్టార్ వచ్చే రోజుకు చూపించడానికి పదిహేనేళ్ల పని సిద్ధంగా ఉంది కదా.

ఆ తర్వాత దారి తేలికైంది. 1970లో సంగీతకారుడు షోస్తకోవిచ్ చేతి బలహీనతకు చికిత్స కోసం కుర్గాన్ వచ్చారు. 1971లో ప్రయోగశాల పూర్తిస్థాయి పరిశోధన సంస్థగా మారింది. 1978లో లెనిన్ బహుమతి వచ్చింది.

కాలికి రక్తం అందనప్పుడు

ఇప్పుడు సిగరెట్ సంగతికొద్దాం.

బర్జర్స్ వ్యాధి అని ఒకటుంది. న్యూయార్క్ డాక్టర్ లియో బర్జర్ 1908లో దీన్ని వివరంగా రాశారు కాబట్టి ఆ పేరు. కాళ్లలో, చేతుల్లో ఉండే చిన్న, మధ్యస్థ రక్తనాళాలు వాచి, లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోతాయి. గుండెజబ్బు లాగా అరవైల్లో వచ్చేది కాదు. ఎక్కువగా నలభై అయిదేళ్లలోపు వాళ్లకు, అందులోనూ మగవాళ్లకు వస్తుంది. దాదాపు అందరిలో ఉండే ఉమ్మడి విషయం పొగాకు. మన దేశంలో ఈ జబ్బు అరుదేమీ కాదు, బీడీలు బాగా తాగేవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. ఫిల్టర్ సిగరెట్ కదా, నాకేం కాదు అనుకోకండి. నమిలే పొగాకు వాడేవాళ్లూ తప్పించుకున్నట్టు కాదు.

మొదట్లో కొంచెం దూరం నడిస్తే పిక్కలోనో, పాదం మధ్యలోనో నొప్పి. ఆగితే తగ్గిపోతుంది. హాస్టల్ నుంచి మెట్రో దాకా నడిచేసరికి మధ్యలో ఒకసారి ఆగాల్సి వస్తుంది. చెప్పులు మార్చి చూస్తారు, పెయిన్ బామ్ రాస్తారు. తర్వాత రాత్రుళ్లు పడుకున్నప్పుడు కూడా నొప్పి, కాలు మంచం కిందికి వేలాడదీస్తే కాస్త హాయి. వేళ్లు చల్లగా, పాలిపోయో నీలంగానో ఉంటాయి. చివరికి వేలి కొసన పుండు పడుతుంది, మానదు. కుళ్లు పైకి పాకితే వేలు, పాదం, ఒక్కోసారి మోకాలి దాకా తీసేయాల్సి వస్తుంది. ముప్పై ఏళ్ల వయసులో, ఇంటికి జీతం మొదలైన రోజుల్లో.

మూసుకుపోయిన రక్తనాళాన్ని దాటించి బైపాస్ చేయొచ్చు కదా అంటారా? బర్జర్స్‌లో అదే చిక్కు. మూసుకుపోయేవి కింద ఉండే సన్నటి నాళాలు. బైపాస్ గొట్టం రెండో కొసను కలపడానికి తెరిచి ఉన్న నాళం చాలామందిలో దొరకదు. ఇలిజారోవ్ చూసిన రక్తనాళం పనికొచ్చింది ఇక్కడే.

ఎముక సాగదీసిన కాళ్లకు రక్తనాళాల ఎక్స్‌రే తీస్తే, ఎముక పుట్టిన చోటే కాక చుట్టుపక్కల కూడా కొత్త సన్నటి నాళాలు విస్తరించి కనిపించాయి. అయితే ఎముక పొడవు పెంచాల్సిన అవసరం లేని కాలికి కూడా ఈ రక్తం కోసమే ఎందుకు చేయకూడదు? మోకాలి కింద ముందువైపు చేతికి తగిలే టిబియా ఎముక నుంచి పొడవుగా ఒక పలకను కోస్తారు. ఊడదీసి బయటపడేయరు, పైపొరతో దాని సంబంధం తెంచరు. ఆ పలకను తీగలతో బయటి ఫ్రేముకు కట్టి, రోజుకు ఒక మిల్లీమీటర్ చొప్పున పక్కకు జరుపుతారు, రెండు మూడు వారాల పాటు. శరీరం దాన్ని మానాల్సిన గాయంగా చూస్తుంది. కొత్త ఎముక కట్టడానికి రక్తం కావాలి, రక్తం కోసం కొత్త నాళాలు మొలిపించే సంకేతాలు పంపుతుంది. ఆ నాళాల లాభం కింద పాదానికీ అందుతుంది. మూసుకుపోయిన పాత నాళం తెరుచుకోదు. మెయిన్ రోడ్డు బంద్ అయితే కాలనీల్లోంచి సందు దారులు పడినట్టన్నమాట.

మన దేశంలోనూ ఇది జరిగింది. మహారాష్ట్రలోని మిరజ్, గుజరాత్‌లోని అహ్మదాబాద్ సర్జన్లు బర్జర్స్ పేషెంట్లకు ఈ పద్ధతిలో చేసిన చికిత్స ఫలితాల్ని 2011లో వైద్య పత్రికల్లో ప్రచురించారు. అహ్మదాబాద్ బృందం లెక్క 60 మందిది. నొప్పి తగ్గింది, పుళ్లు మానాయి, చాలామంది కాళ్లు నిలిచాయని వాళ్ల నివేదికలు. ఆ తర్వాత చైనా సర్జన్లు ఇదే పద్ధతిని మార్చి షుగర్ వల్ల పాదానికి పడే మొండి పుళ్లకు పెద్ద సంఖ్యలో వాడుతున్నారు.

అయితే కళ్లు మూసుకుని నమ్మేయకండి. మన దేశపు నివేదికలు పాత కేసులను వెనక్కి చూసి రాసినవి. చికిత్స తీసుకోని మరో గుంపుతో పోల్చి చూసిన గట్టి పరీక్షలు తక్కువ. తీగలు దిగిన చోట ఇన్ఫెక్షన్ రావొచ్చు, కోసిన ఎముక విరగొచ్చు. ముందు చూపించుకోవాల్సింది వాస్క్యులర్ సర్జన్‌కి, ఏ చికిత్స ఎవరికన్నది ఆ డాక్టర్ తేలుస్తారు. ఇంకోటి. పొగ మానకపోతే ఈ ఆపరేషన్ కాదు కదా, ఏదీ నిలవదు. రోజుకు ఒకటి రెండు సిగరెట్లు కూడా జబ్బును నడిపిస్తూనే ఉంటాయి. పూర్తిగా మానేసినవాళ్లలో కాలు తీసేయాల్సి రావడం చాలా అరుదు. సూది, మందు, తీగ, నట్టు అన్నిటికంటే బలమైన చికిత్స అదే. దానికి రూపాయి ఖర్చు లేదు. సరికదా, చాయ్ కొట్టు ఖాతా తగ్గుతుంది.

ఇప్పుడే ఒక పని చేయండి. పాదం పైభాగాన, బొటనవేలి నుంచి పైకి వచ్చే స్నాయువు పక్కన రెండు వేళ్లు మెత్తగా ఆనించండి. నాడి కొట్టుకోవడం తెలియాలి. చీలమండ లోపలివైపు ఎముక వెనక కూడా ఒకటుంటుంది. కొందరికి పాదం పైన పుట్టుకతోనే దొరకదు కాబట్టి కంగారొద్దు. కానీ పొగ అలవాటుండి, నడిస్తే పిక్క పట్టేస్తూ, నాడి కూడా దొరక్కపోతే మాత్రం డాక్టర్ దగ్గరకు వెళ్లడానికి ఎగ్జామ్ అయ్యేదాకా ఆగకండి.

పడవ మీది రిఫరెన్స్

కుర్గాన్ బయటి ప్రపంచానికి ఎలా తెలిసిందన్నది ఇంకో ముచ్చట. కార్లో మౌరీ అని ఇటలీ పర్వతారోహకుడు, 1958లో గాషెర్‌బ్రుమ్-4 శిఖరం మొదటిసారి ఎక్కిన ఇద్దరిలో ఒకడు. 1960ల మొదట్లో మంచు మీద స్కీయింగ్ చేస్తూ కాలు విరగ్గొట్టుకున్నాడు. అది సరిగా అతుక్కోలేదు. ఆ కుంటికాలితోనే థోర్ హెయర్‌డాల్ రెల్లు పడవ రా మీద అట్లాంటిక్ ప్రయాణానికి వెళ్లాడు. అదే పడవలో రష్యన్ డాక్టర్ యూరీ సెంకెవిచ్ ఉన్నాడు. కుర్గాన్ సంగతి ఆ పరిచయం వల్లే మౌరీకి తెలిసింది. 1980లో అక్కడికి వెళ్లి, కాలు బాగై ఇటలీ తిరిగొచ్చాడు. తమవల్ల కానిది జరగడం చూసి అక్కడి డాక్టర్లు నమ్మలేకపోయారు. 1981లో బెల్లాజియోలో జరిగిన సదస్సుకు ఇలిజారోవ్‌ను పిలిచారు. అక్కణ్నుంచి యూరప్, ఆ దశాబ్దం చివరికి అమెరికా, మన దేశం. రెఫరల్స్ అంటే ఆఫీసుల్లో, యాప్‌లలో దొరికేవే అనుకుంటాం, ఇక్కడ సముద్రం మధ్యలో దొరికింది.

సాగదీత గురించిన ప్రయోగాలు ఇంగ్లిష్‌లో వివరంగా అచ్చయింది 1989లో. ఆయన పేరిట 200కు పైగా ఆవిష్కరణల సర్టిఫికెట్లున్నాయి. ఇంద్రజాలం అంటే సరదా, పేషెంట్ పిల్లల ముందు చిన్న చిన్న మ్యాజిక్ ట్రిక్కులు చేసేవారట. 1991లో సైన్స్ అకాడమీ పూర్తిస్థాయి సభ్యుడయ్యారు. ఆ ఏడాది చివర్లో సోవియట్ దేశమే లేకుండా పోయింది. 1992 జూలై 24న కుర్గాన్‌లోనే కన్నుమూశారు. మాస్కోకి మకాం మార్చకుండా, మొదటి పోస్టింగ్ పడిన జిల్లాలోనే నలభై ఎనిమిదేళ్లు గడిపారు. ఆయన సంస్థకు ఆయన పేరే పెట్టారు. అంతరిక్షంలో 3750 నంబరు గ్రహశకలం పేరు కూడా ఇలిజారోవ్.

ఈ రంగంలో మీకేమున్నాయి?

ఎంబీబీఎస్ సీటు రాలేదని ఈ రంగం తలుపు మూసుకుపోలేదు. రింగులు వేసిన కాలికి సర్జన్ పని కొన్ని గంటలు. మిగతా నెలలన్నీ వేరేవాళ్లవి. కీళ్లు బిగుసుకోకుండా కదిలించేది ఫిజియోథెరపిస్ట్. తీగల దగ్గర శుభ్రం చేసి, నట్లు ఎటు తిప్పాలో పేషెంట్‌కి నేర్పేది నర్సులు, టెక్నీషియన్లు. ఎటు తిప్పాలన్నది సరిగా నేర్పకపోతే ఏమవుతుందో పైన చదివారు కదా. కాలు తీసేయాల్సి వచ్చినవాళ్లకు కృత్రిమ కాలు అమర్చేవాళ్లు ప్రోస్థెటిక్స్, ఆర్థోటిక్స్ చదివినవాళ్లు. ఆ కోర్సులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో చూసుకుని చేరండి. ఇంజినీరింగ్ వైపు వాళ్లకైతే బయోమెడికల్ ఉంది, ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో ఆ విభాగం ఉంది. పంజాగుట్ట నిమ్స్‌లో ఫిజియోథెరపీ కాలేజీ ఉంది. ఆ నిమ్స్ కూడా 1964లో నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్‌గా, అంటే ఎముకల ఆస్పత్రిగానే మొదలైంది.

మీ దగ్గరకే వస్తే, కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఒకప్పుడు ఉన్న స్థలంలో టిమ్స్ సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రికి 2022లో శంకుస్థాపన జరిగింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ మధ్య మెట్రోలో వెళ్తుంటే ఆ వైపే. అంత పెద్ద ఆస్పత్రికి సర్జన్ల కంటే ఎన్నో రెట్లు మంది పారామెడికల్ సిబ్బంది కావాలి. సర్టిఫికెట్లు, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్, కులం, నివాస పత్రాలు ఇప్పుడే సరిచేసి పెట్టుకోండి, నోటిఫికేషన్ పడ్డాక మీసేవ ముందు క్యూ కట్టడం మీకు తెలియంది కాదు.